అటక మీద గాలి సారు

నిచ్చెన తీసేశాను. చప్పుడు కాకుండా తీసి, నడవలో గోడవారగా నేలమీద పడుకోబెట్టి, దాని పక్కనే మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. చప్పుడైనా ఎవరికీ వినపడేది కాదు. వీధి తలుపు చోట ఎర్రగుడ్డ చట్రంలో బిగించిన పెద్ద ఫ్యాను ఇల్లంతా అదిరేలా అరుస్తూ, ఇంట్లో గాలిని పట్టి బయటికి లాగేస్తోంది. పైన అటక మీద గాలి సారు ఉన్నాడు. ఆయనకింకా తెలీదు. తలకి కట్టుకున్న లైటు వెలుగు అటక ఎక్కే కన్నంలో అటూ ఇటూ తిరుగుతోంది. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నట్టున్నాడు, ఫ్యాను హోరులో సగమే వినపడుతోంది. తియ్యనీ. ఆయన ఫోను నా చేతిలో ఉంది. బళ్ళో హాజరు పిలిస్తే నేను పలికింది టీచరుకి వినపడేది కాదు, నాకు గైర్హాజరు వేసేసేది. వెనక బెంచీ వాళ్ళు "అది ఇక్కడే ఉంది టీచర్, బతికే ఉంది" అని నవ్వితే అప్పుడు తలెత్తి దిద్దేది. అలాంటిదాన్ని, ఇందాక ఈ ఫోను మోగితే ఎత్తి, "మొదలుపెట్టమన్నారు" అని చెప్పాను. సారు ఆ మాట అనలేదు. నేనే అన్నాను. బయట ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నతను సరేనని ఫ్యాను వేసేశాడు.

ఇదంతా ఆయన అన్న ఒక్క మాటతో. నిచ్చెన సగం ఎక్కి, తల కన్నంలో పెట్టి, ల్యాప్‌టాప్ అతనితో ఫోనులో అన్నాడు. "ఒరేయ్, పోయినసారి అంటించిన ప్లాస్టిక్ ఇక్కడ అలాగే ఉందిరా. ఎవరూ తీసినట్టు లేరు. టేపు కూడా ఊడలేదు. మంచిదే, మనకి పని తప్పింది." అని నవ్వాడు. చెడ్డగా ఏం నవ్వలేదు. పోయిందనుకున్న గొడుగు తలుపు వెనకాల కనపడితే నవ్వుతామే, అలా. తరవాత నా వైపు వంగి, "ఇది పట్టుకో అమ్మాయ్, జేబులోంచి జారుతోంది. మూలలు ఓసారి నొక్కి చూసి దిగుతాను" అని ఫోను నా చేతిలో పెట్టి, ఆయాసపడుతూ, మోకాలు పట్టుకుని పైకి పాకాడు. ఆయన చెప్పుల అడుగులు లోపలికి పోయేదాకా చూశాను. ఆ మాట అప్పుడు నాలోకి దిగింది. పోయినసారి అంటే మాకు ఇల్లు ఇవ్వకముందు. అంటే మేం వచ్చిన రోజు నుంచీ. అంటే ఎండాకాలం అంతా. అంటే బుడ్డి పడుకున్న ఆ మధ్యాహ్నం కూడా.

బుడ్డి మా చెల్లి. అసలు పేరు బళ్ళో మాత్రమే ఉండేది. ఏటి ఒడ్డున మా పాత ఇల్లు వరదలో మెత్తబడి కూలాక మాకు ఈ ఇల్లిచ్చారు. తాళాలిచ్చిన రోజు వీధిలో షామియానా కింద ఈయనే నిలబడి చెప్పాడు. ఇక మీదట ఎండలు ఏటికేడు ముదురుతాయి, కరెంటును నమ్ముకుని ఇళ్ళు కట్టకూడదు, ఇది కరెంటు పోయినా చల్లగా ఉండే ఇల్లు, దీని గోడలు లావు, పైకప్పు ఎత్తు, వేడిగాలి పైకి లేచి అటక మీద కన్నంలోంచి దానంతటదే పోతుంది, ఈ ఇల్లు ఊపిరి పీలుస్తుంది అని. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. బుడ్డి మాత్రం గుంపులోంచి దూరి ఆయన ముందుకెళ్ళి, "మరి దీనికి ముక్కెక్కడ?" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, దాన్ని ఎత్తుకుని, పైన కప్పు కింద రేకు రెక్కలున్న కిటికీలాంటిదాన్ని చూపించాడు. "అదిగో, అదే ముక్కు." అది ముక్కుకి చెయ్యి ఊపింది. ఆ రాత్రి చెవి గోడకి ఆనించి, నన్ను మాట్లాడొద్దని వేలు చూపించి, చాలాసేపు విని, "నిద్రపోతోందే అక్కా, గురక కూడా పెట్టట్లేదు" అంది. ఎలా పెడుతుందే పిచ్చిదానా. దాని ముక్కుకి ప్లాస్టిక్ కట్టి ఉంచారు.

ప్లాస్టిక్ ఎందుకు కడతారో కూడా ఆయనే చెప్పాడు. ఇవాళ పొద్దున మళ్ళీ చెప్పాడు, వాకిట్లో నలుగురూ చేరితే ఆయనకి చెప్పకుండా ఉండడం చేతకాదు. ఇంటికి తెలియకుండా ఉండే దొంగ కన్నాలు ఎన్నున్నాయో కొలవడానికి ఈ పరీక్ష. కిటికీలన్నీ వేసేసి, లోపలి తలుపులు తెరిచిపెట్టి, ఫ్యానుతో గాలి లాగితే, ఎక్కడెక్కడి సందుల్లోంచి గాలి దూరుతుందో ల్యాప్‌టాప్‌లో అంకె చెబుతుంది. "మేం కావాలని పెట్టిన కన్నం లెక్కలోకి రాకూడదు కదా, అందుకని దాన్ని పరీక్షకి ముందు మూస్తాం, అయ్యాక తీసేస్తాం." అయ్యాక తీసేస్తాం. ఆ మాట అంత తేలిగ్గా అన్నాడు. టైలరత్త మా పక్కింటావిడ, మెడలో టేపు వేసుకునే పడుకుంటుంది, ఆవిడ అంది, "జాకెట్టుకి కొలతలు తీసుకున్నట్టు గాలికి కూడా కొలతలేంటి సార్, ఎక్కడైనా బిగుతయితే విప్పుతారా?" ఆయన పెద్దగా నవ్వాడు. గాలి సారు అని పేరు పెట్టింది కూడా ఆవిడే. లోపల ఒకళ్ళు ఉండి తలుపులు కొట్టుకోకుండా చూడాలంటే, అమ్మ నా వైపు చూసింది. అమ్మ ఈ పరీక్షకి లోపల ఉండలేదు. కిటికీలు వేసి ఉన్న ఇంట్లో అమ్మ ఉండలేదు.

"అమ్మాయ్." పైనుంచి. కన్నంలో చెప్పులు కనపడ్డాయి, ఒక కాలు కిందికి దిగి గాల్లో వెతుకుతోంది, మెట్టు కోసం. కాలివేళ్ళు అటూ ఇటూ తడుముతున్నాయి, చీకట్లో దీపం మీట వెతికినట్టు. కాసేపు వెతికి కాలు పైకి పోయింది. తల వచ్చింది. "నిచ్చెనేదమ్మా?" నేను నిచ్చెన వంక చూశాను. ఆయనా చూశాడు. "పడిపోయిందా? కాస్త నిలబెట్టు." నేను లేవలేదు. "అమ్మాయ్, నిన్నే. వినపడుతోందా? నిచ్చెన!" వినపడుతోంది. ఆయన చెవులకే నా మాట ఎప్పుడూ వినపడలేదు కానీ, నాకు ఆయన మాట ఎప్పుడూ వినపడింది. ఒక చెమట చుక్క ఆయన గడ్డం మీంచి జారి, అంత ఎత్తునుంచి వచ్చి, నా ముందు గచ్చు మీద పడింది. గుండ్రంగా విచ్చుకుంది. అది ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇంత ఎత్తు పైకప్పు ఆయనే పెట్టించాడు. మోకాలు బాగున్నవాడైతే దూకేవాడేమో. ఆయన దూకడు, కన్నం అంచు పట్టుకుని కిందికి చూస్తున్నాడు, గచ్చు ఎంత గట్టిదో ఆయనకి తెలుసు, అది కూడా ఆయన వేయించిందే. పైన రేకు కప్పు. మధ్యాహ్నపు ఎండ దాని మీద. గాలి పోయే దారి లేదు. ఆయన ఇప్పుడు మా చెల్లి ఉన్న చోటే ఉన్నాడు, కాకపోతే రెండు బారలు పైన. బుడ్డికి ఒళ్ళు కాస్త వెచ్చబడిందని ఆ రోజు బడి మాన్పించింది అమ్మ. రెండ్రోజులుగా కరెంటు లేదు, ఊళ్ళన్నీ ఒక్కసారే ఫ్యాన్లు వేసుకుంటే తీగలు కాలిపోయాయట. తలుపు వెనక బొమ్మల కాగితం అంటించి ఉండేది, ఇంటితోపాటు ఇచ్చిందే. సూర్యుడు పైనున్న బొమ్మ పక్కన మూసిన కిటికీ. చంద్రుడున్న బొమ్మ పక్కన తెరిచిన కిటికీ. అమ్మ చదువుకోలేదు కానీ బొమ్మ బొమ్మే కదా. ఒక్క రోజు తప్పకుండా అలాగే చేసేది, ఏదో పథ్యం చేసినట్టు. ఆ రోజూ అలాగే మూసి, చల్లగా పడుకుంటుందిలే అనుకుని, దానికి మంచినీళ్ళు పక్కన పెట్టి, కూరగాయల షెడ్డులో పూటపనికి వెళ్ళింది. టైలరత్త మధ్యలో ఒకసారి తొంగి చూసిందట. పడుకుని ఉందట. లేపడం ఎందుకులే అనుకుందట. నేను బడినుంచి వచ్చేసరికి ఆటో వాకిట్లో ఉంది, అమ్మ చేతుల్లో బుడ్డి ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. దాని చెప్పు ఒకటి ఊడి మెట్టు మీద పడింది. నేను చెప్పు తీసుకుని ఆటో వెనక పరిగెత్తాను.

ఫోను మోగుతోంది. ల్యాప్‌టాప్ అతను. ఎత్తాను. "సారుకివ్వు పాపా." "సారు పైన పని చేసుకుంటున్నారు." "అంకె బ్రహ్మాండంగా వస్తోందని చెప్పు. ఇంత బిగుతు ఇల్లు ఇంకోటి లేదు." చెబుతానన్నాను. పైకి చూసి గట్టిగా చెప్పాను కూడా. "అంకె బ్రహ్మాండంగా వస్తోందట!" ఆయన ముఖం ఎర్రగా ఉబ్బి ఉంది. "ఫ్యాను ఆపమను! నిచ్చెన వెయ్యి! ఇక్కడ ఉండలేకపోతున్నానే తల్లీ!" తల్లీ అన్నాడు. మనిషికి ఊపిరాడనప్పుడు ఎంత మర్యాద వస్తుందో. నేను ఫోను ఆఫ్ చేసి నిచ్చెన మెట్ల మధ్య పెట్టాను.

నాకు ఆయన చచ్చిపోవాలని లేదు. చచ్చిపోతున్నాననుకోవాలి. అది కావాలి నాకు. నాలుక పిడచగట్టుకుపోవాలి, కళ్ళ ముందు నల్లచుక్కలు ఆడాలి, నీళ్ళు అందేంత దూరంలో ఉండి అందకూడదు, కింద మనుషులు తిరుగుతూ ఉండి కూడా లోపల ఒకళ్ళున్నారని వాళ్ళకి తట్టకూడదు. ఎన్నిసార్లు ఇలా అనుకున్నానో. కానీ ఎవర్ని అనుకోవాలో ఇవాళ్టిదాకా తెలీదు. ఎండని అనుకునేదాన్ని. సూర్యుణ్ణి తిట్టుకుంటూ పడుకునేదాన్ని, తిట్టీ తిట్టీ విసుగొచ్చేది, సూర్యుడికి సిగ్గేముంది. ఒక్కోసారి, చెప్పకూడదు, అమ్మని కూడా అనుకున్నాను. అలా అనుకునేలా చేసింది కూడా ఈయనే.

బుడ్డి పోయిన తరవాత ఈయన వచ్చాడు. ఇదే నడవలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గోడకి మీటరు ఆనించి చూసి, కిటికీల రబ్బరు నొక్కి చూసి, కూర్చున్నాడు. పైకి ఎక్కలేదు. నిచ్చెన అడిగితే తెచ్చేవాళ్ళం. ఎవరి దగ్గరైనా తెచ్చేవాళ్ళం. మోకాలు తడుముకుంటూ, "ఇల్లు బాగానే ఉందమ్మా. వాడడంలోనే తేడా వచ్చింది. పిల్ల లోపలున్నప్పుడు ఒక్క కిటికీ అయినా తీసి ఉంచాల్సింది" అన్నాడు. అమ్మ తలుపు వెనకున్న కాగితం చూపించింది. "బొమ్మలో మూసుకోమని ఉంది కదా సార్." "బొమ్మ అందరికీ వేస్తారమ్మా. మనం కూడా కాస్త ఆలోచించుకోవాలి కదా." ఆ మాట చాలా మెత్తగా అన్నాడు, నొప్పి తెలీకుండా సూది గుచ్చేవాడిలా. అమ్మ తల ఊపింది. ఊపుతూనే ఉంది. ఆయన వెళ్ళిపోయాక కూడా. ఆ రోజు నుంచీ మా ఇంట్లో కిటికీ మూయలేదు. వానకి పరుపు తడిసింది, చలికి నాకు దగ్గు పట్టుకుంది, ఒక పిల్లి వచ్చి పాలు తాగి పోతోంది, అయినా మూయదు. కిటికీ కింద చాప వేసుకుని, గడియ మీద చెయ్యి పెట్టుకుని పడుకుంటుంది. ఎవరైనా పరామర్శకి వస్తే ముందే చెప్పేస్తుంది, "నేనే మూశానమ్మా" అని. ఎవరూ అడగకుండానే. నాన్న లారీ మీదనుంచి నెలకోసారి వస్తే ఆయనకీ అదే, "నేనే మూశాను." ఇవాళ పరీక్షకి కిటికీలు వెయ్యమంటే అమ్మ చెయ్యి గడియ దాకా వెళ్ళి ఆగిపోయింది. టైలరత్త వచ్చి, "జరుగొదినా" అని మెల్లిగా పక్కకి జరిపి, తనే మూసింది. గాలి సారు అప్పుడు వాచీ చూసుకుంటున్నాడు.

పోనీ ఇల్లు చెడ్డదా అంటే, కాదు. అందుకే నా కడుపు మండేది. ఇల్లు మంచిది. గోడలు నిజంగానే చల్లన. పొద్దున్నే చెంప ఆనిస్తే కుండ ఆనించినట్టుంటుంది. ఆయన చదువు మంచిదే, లెక్కలు మంచివే, ఆ ముక్కు తెరిచి ఉంటే ఆ మధ్యాహ్నం బుడ్డి చెమట పట్టి లేచి, నీళ్ళు తాగి, గోడ మీద బొగ్గుతో ఏనుగునేసి తిట్లు తినేది. ఇంత మంచి ఇల్లు కట్టినవాడికి చివర్న ఒక నిచ్చెన ఎక్కి ప్లాస్టిక్ లాగడానికి ఓపిక లేకపోయింది.

"అమ్మాయ్... నీళ్ళు..." గొంతు మారింది. కన్నం అంచు మీద గడ్డం ఆనించాడు, నాలుక బయటికి వస్తోంది. నేను లేచి నిలబడ్డాను. కన్నం కింద సరిగ్గా నిలబడి పైకి చూశాను. నా గొంతు ఎంత దూరం పోతుందో నాకే తెలీదు. "ప్లాస్టిక్ చింపండి!" "ఏంటీ?" "ప్లాస్టిక్! చింపండి!" ఫ్యాను మింగేస్తోంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కడుపులోంచి అరిచాను. వినపడింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "చింపితే పరీక్ష పోతుంది! ఏడాది కష్టం. ఏటి ఒడ్డున ఇంకా జనం ఉన్నారు, ఈ అంకె చూపిస్తేనే వాళ్ళకి ఇళ్ళు... నీకు తెలీదమ్మా!" నాకు తెలుసు. మా మేనమామ అక్కడే ఉన్నాడు, వరదొస్తే మంచాలు చెట్టుకి కట్టుకుంటాడు. మా మామకి కూడా ఇలాంటి ఇల్లే ఇస్తారు, పైన ప్లాస్టిక్ కట్టి. మామ కూతురికి నాలుగేళ్ళు. "మా చెల్లి ఈ ఇంట్లోనే ఉడికిపోయింది!" అని అరిచాను. ఆయన చూస్తున్నాడు. "ఏ చెల్లి?" అన్నాడు.

ఏ చెల్లి. నేను మళ్ళీ కూర్చున్నాను. ఇంక అరవాల్సిన అవసరం లేదనిపించింది. ఎత్తుకున్నాడు దాన్ని. ముక్కు చూపించాడు. కుర్చీలో కూర్చుని దాని గురించి అమ్మతో మాట్లాడాడు. ఏ చెల్లి. ఉండనీ ఇంకాసేపు. ఉడకనీ. నా దగ్గర బోలెడంత తీరుబడి ఉంది. పైన ఆయన ఏదో గొణిగాడు, "అయ్యో... ఆ పాపా..." అన్నట్టుంది, గుర్తొచ్చిందో, గుర్తొచ్చినట్టు అన్నాడో. తల మాయమైంది. ఏదో దొర్లిన చప్పుడు. పాకుతున్న చప్పుడు. తరవాత సర్రున ఒక చీలిక, ఫ్యాను హోరు మీంచి కూడా వినపడేంత, ఎవరో కొత్త బట్ట చింపినట్టు. నేను అడిగినందుకు కాదు. బుడ్డి గుర్తొచ్చినందుకూ కాదు. ఊపిరాడక చింపాడు. పర్లేదు. నాకు అదే కావాలి. ఎందుకు చింపాలో ఒంటికి తెలియాలి.

గాలి దిగింది. కన్నంలోంచి ఒక్కసారిగా, ఏడాది దుమ్మునీ ఎండిన తూనీగ రెక్కల్నీ వేసుకుని నా నెత్తి మీద పడింది. నా జుట్టు లేచింది, లంగా అంచు లేచింది, బుడ్డి గది తలుపు దానంతటది కదిలింది. వేడిగాలే. బయటి ఎండ గాలే. అయినా గాలి. ఇంత గాలి ఆ చుట్టుపక్కలే, ఒక పల్చటి కాగితంలాంటి దాని అవతల, రోజూ నిలబడే ఉంది. నా కళ్ళలో దుమ్ము పడింది, నేను ఏడ్చింది అందుకే కాదు.

బయట ల్యాప్‌టాప్ అతను కేకేశాడు, అంకె ఎగిరిపోయిందని కాబోలు. ఫ్యాను ఆగింది. ఆగేసరికి ఇల్లంతా ఎంత నిశ్శబ్దం అయిందంటే, వాకిట్లో టైలరత్త ఎవరినో "ఉండవే" అనడం కూడా వినపడింది. పైన గాలి సారు రొప్పుతున్నాడు. "ఇప్పుడు నిచ్చెన వెయ్యి తల్లీ." "చెప్పండి," అన్నాను. ఇప్పుడు నా మామూలు గొంతు సరిపోయింది. "ఏం చెప్పాలి?" "ఎందుకు మూసి ఉందో. ఎప్పటినుంచి మూసి ఉందో. మా అమ్మ బయటే ఉంది." ఆయన నుదురు మోచేత్తో తుడుచుకున్నాడు. తరవాత చిన్నగా, తనలో తను అనుకున్నట్టు, "పరీక్షకి మూశాం. తీయడం మర్చిపోయాం" అన్నాడు. "ఇంకా గట్టిగా. నాకు కూడా ఎప్పుడూ అదే చెబుతారు బళ్ళో." అప్పుడు అరిచాడు. కోపంతో అరిచాడో, భయంతోనో, సిగ్గుతోనో. "మేమే మూశాం! తీయలేదు! ఏడాదిగా మూసే ఉంది! కిటికీ వల్ల కాదు! మీ అమ్మ తప్పేం లేదు! చాలా?"

ఎర్రగుడ్డ కదిలింది. ల్యాప్‌టాప్ అతను వద్దు వద్దంటున్నా గుడ్డ కింద అంచు పైకెత్తి, వంగి, అమ్మ లోపలికి వచ్చింది. వెనకాల టైలరత్త మెడ చాచి చూస్తోంది. అమ్మ నన్ను చూసింది, నా నెత్తి మీద దుమ్ము చూసింది, నేలమీద నిచ్చెన చూసింది. తలెత్తి పైన కన్నంలో ఆయన్ని చూసింది. నేను అనుకున్నాను, ఇప్పుడు నన్ను తిడుతుంది, పెద్దవాళ్ళతో ఇదేం పనే అంటుంది, వంగి నిచ్చెన ఎత్తుతుంది. వంగింది కూడా. నిచ్చెన పక్కనే సారు పెట్టుకున్న నీళ్ళ సీసా తీసి, పనిముట్లు పైకి లాక్కునే ఆయన తాడు సంచిలో పెట్టి, తాడు కొస పైకి విసిరింది, ఆయన పట్టుకుని లాక్కుని గటగటా తాగేదాకా చూసింది. తరవాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని నిచ్చెన మీద కూర్చుంది, నిదానంగా, ఎక్కడికీ పోవాల్సిన పని లేనిదానిలా. నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ గొంతు మర్యాదగా, ఎప్పుడూ ఆయనతో మాట్లాడేంత మెత్తగా ఉంది.

"ఇంకొక్కసారి చెప్పండి సార్. సరిగ్గా వినపడలేదు."